డాక్టరు సంతకం పడితే ప్రమాదాలు తగ్గుతాయా?

డ్రైవర్ల వైద్య పరీక్షల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ వారం జవాబులు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మాకు 9 లారీలు, 14 మంది డ్రైవర్లు. ఏడాదికోసారి అందరికీ మెడికల్ చెకప్ చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. లైసెన్సు రెన్యువల్‌కి ఎలాగూ డాక్టరు సర్టిఫికెట్ పెడుతున్నారు కదా, మళ్లీ ఈ ఖర్చెందుకని నా అనుమానం. నిజంగా యాక్సిడెంట్లు తగ్గుతాయా?
– లారీ యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఏం పరీక్షిస్తారు, ఏదైనా బయటపడితే ఆ మనిషిని ఏం చేస్తారు అన్న రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. వరసలో నిలబెట్టి కాగితాల మీద సంతకాలు చేయించే చెకప్ అయితే దండగే.

రెన్యువల్‌కి పెట్టే డాక్టరు సర్టిఫికెట్, అంటే ఫారం 1ఏ సంగతి ముందు చూద్దాం. చూపు సరిగా ఉందా, రంగుల తేడా తెలుస్తోందా, 25 మీటర్ల నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా, హారన్ వినిపిస్తుందా, రేచీకటి ఉందా, కాళ్లూ చేతులూ బాగున్నాయా... ఇంతవరకే అది అడుగుతుంది. షుగరు అడగదు, బీపీ అడగదు, గురక అసలే అడగదు. పైగా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. 42 ఏళ్ల మనిషికి 47 వచ్చేలోపు షుగరు రావచ్చు, చత్వారం ముదరవచ్చు, 15 కిలోలు పెరగవచ్చు. ఇవేవీ ఆ కాగితానికి తెలియవు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే రాశారు. అంటే వైద్య పరీక్ష చేయించి, అదే డ్రైవర్‌ని ‘రాత్రికల్లా చెన్నైలో లోడు దించాలి’ అని తరిమితే ఒరిగేదేం లేదు. అలాగని ఆ 71 శాతాన్నీ గుడ్డిగా నమ్మలేం. తాగి నడిపాడా అని చూడ్డానికి గొట్టం ఉంది, నిద్రపోయాడా అని చూడ్డానికి ఏ పరికరమూ లేదు. తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కేసుల్లో ఎన్ని వేగం వల్ల, ఎన్ని కునుకు వల్ల అన్నది రికార్డుల్లో తేలదు.

మీ 14 మందికీ చేయించాల్సినవి నాలుగే: కళ్లు, షుగరు, బీపీ, నిద్ర. ఈసీజీలు, ఛాతీ ఎక్స్‌రేలు కలిపి అమ్మే ప్యాకేజీలు అందరికీ అక్కర్లేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎప్పుడైనా స్పృహ తప్పడం ఉన్నవాళ్లకు డాక్టరే రాస్తాడు.

కంటి చార్టుకీ మనిషికీ మధ్య సరిగ్గా 6 మీటర్లు ఉండాలి. గది చిన్నదైతే అద్దం పెట్టి 3 మీటర్లలో చూడొచ్చు. ఒక్కో కన్నూ విడివిడిగా, రెండోదాన్ని అరచేత్తో మూసి చూడాలి. వేళ్లతో నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది, దాని వంతు వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది. బీపీ చూసే ముందు 5 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, అరగంట ముందు నుంచి టీ, బీడీ బంద్. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. 180/110 దాటితే ఆ రోజు బండి ఎక్కించకండి, అదే పూట డాక్టరుకు చూపించండి. షుగరుకి హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష మేలు. మూడు నెలల సగటు చెబుతుంది, పరగడుపున ఉండక్కర్లేదు. క్యాంపుల్లో జరిగే తప్పు ఏమిటంటే, పొద్దున బోండాలు తిని వచ్చినవాడి వేలు గుచ్చి, వచ్చిన అంకె రాసుకుని పంపేయడం. ఎక్కువొచ్చినవాడు తర్వాత ఎవరి దగ్గరికీ వెళ్లడు.

చెకప్‌లు ఎక్కువగా బెడిసికొట్టేది ఆ తర్వాతే. అద్దాలు రాసిస్తారు, డ్రైవరు కొనడు. కొన్నా ఒకే జత, అది పగిలితే మూడు నెలలు అద్దాల్లేకుండానే తోలతాడు. కాబట్టి అద్దాలు మీరే చేయించండి, రెండు జతలు, ఒకటి క్యాబిన్‌లోనే ఉండాలి. అంతకన్నా ముఖ్యమైనది ఉద్యోగం. జబ్బు బయటపడ్డ మొదటి డ్రైవర్‌ని మీరు తీసేస్తే మిగతా 13 మందీ మరుసటి ఏడు అబద్ధం చెబుతారు. 2014 డిసెంబరులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చెత్తలారీ డ్రైవరు స్టీరింగ్ మీదే స్పృహ తప్పి, లారీ జనం మీదికి దూసుకెళ్లి ఆరుగురు చనిపోయారు. అంతకుముందు బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు కూడా అతనికి అలాగే అయింది, ఆ సంగతి దాచాడు. వైద్య నియమాల్లో మనకన్నా ఎంతో కట్టుదిట్టమైన దేశం అది. డ్రైవరు నోరు విప్పకపోతే ఏ ఫారమూ పట్టుకోలేదు. అందుకని చెకప్‌కి ముందే చెప్పండి: ఏం బయటపడినా మందులకు కుదురుకునే దాకా పగటి ట్రిప్పులో, లోకల్ కిరాయిలో, యార్డు పనో ఇస్తాం, బత్తా తగ్గినా జీతం తగ్గదని. దీనికయ్యే ఖర్చు చెకప్ ఖర్చుకన్నా ఎక్కువే. అయినా ఫలితం ఇచ్చేది ఈ ఖర్చే.

ప్రశ్న: మా ఆయనకు గురక విపరీతం. టిప్పర్ నడుపుతారు, రాత్రి డ్యూటీలే ఎక్కువ. సిగ్నల్ దగ్గర ఆగినా కన్ను పడిపోతోందని అంటున్నారు. ఇది జబ్బేనా?
– గృహిణి, పటాన్‌చెరు

జవాబు: అయ్యే అవకాశం గట్టిగా ఉంది, అశ్రద్ధ చేయకండమ్మా. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి కొద్ది సెకన్ల పాటు ఆగడం, మెదడు ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీయించడం... తీవ్రంగా ఉన్నవాళ్లలో గంటకు 30 సార్లకు పైగా జరుగుతుంది. మనిషి 8 గంటలు పడుకుంటాడు, నిద్ర మాత్రం పట్టదు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు.

ఎనిమిది విషయాలు లెక్కపెట్టండి. తలుపు వేసినా వినిపించేంత గురక. పగలంతా మగత. నిద్రలో ఊపిరి ఆగినట్టు మీరు చూడటం. బీపీ ఉండటం. బీఎంఐ (ఎత్తుకు బరువెంతో చెప్పే అంకె) 35 దాటిన ఒళ్లు. వయసు 50 పైన. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్ల పైన. మగవాడు కావడం. ఎనిమిదిలో మూడు ఉంటే అనుమానించాలి, ఐదు ఉంటే నిద్ర పరీక్ష చేయించాల్సిందే. మెడ కొలవడానికి కుట్టు టేపు చాలు, కంఠమణి దగ్గర చుట్టండి. ఊపిరి ఆగడం సంగతి ఆయనకు తెలియదు, మీకే తెలుస్తుంది. ఆయన పడుకున్నాక ఫోన్లో పది నిమిషాలు వీడియో తీసి డాక్టరుకు చూపించండి. గురక ఒక్కసారి ఆగి, నిశ్శబ్దమై, గుటక వేసినట్టు మళ్లీ మొదలవుతుందే, అదే డాక్టరు చూడాల్సింది.

ఊపిరితిత్తుల డాక్టరు గానీ చెవి ముక్కు గొంతు డాక్టరు గానీ నిద్ర పరీక్ష రాస్తారు. ఇంటికే చిన్న యంత్రం ఇచ్చి పంపే పద్ధతి కూడా ఉంది. జబ్బు తేలితే సీప్యాప్ అనే గాలి యంత్రం పెట్టుకుని పడుకోవాలి. చాలామంది వారం వాడి అటకెక్కిస్తారు. ముక్కు ఎండిపోతోందనో, మాస్కు ఒరుసుకుంటోందనో కారణం చెబుతారు. తేమ పెట్టె బిగిస్తే ఎండడం తగ్గుతుంది, మాస్కు సైజు మార్పిస్తే ఒరుపు పోతుంది. రాత్రికి కనీసం 4 గంటలైనా వాడాలి. అమెరికాలో ష్నైడర్ అనే ట్రక్కుల సంస్థ డ్రైవర్ల మీద 2016లో వెలువడిన అధ్యయనంలో, జబ్బు ఉండీ యంత్రం వాడనివాళ్లు చేసిన తీవ్ర ప్రమాదాల రేటు, జబ్బు లేనివాళ్ల రేటుకు ఐదు రెట్లు. వాడినవాళ్లకు ఆ తేడా కనబడలేదు. డ్రైవర్ల వైద్య పరీక్షలన్నిటిలో ఇంత స్పష్టంగా లాభం కనిపించినవి తక్కువ, మన ఫారాల్లో లేనిది సరిగ్గా ఇదే.

ఆయనకు మద్యం అలవాటుంటే పడుకునే ముందు మానాలి. అది గొంతు కండరాన్ని ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రలూ అంతే.

ఈలోపు డ్యూటీలో జాగ్రత్తలు. రాత్రి 2 నుంచి 5 మధ్య ఒళ్లు ఎవరి మాటా వినదు. కిటికీ దించడం, పాటలు పెంచడం కొద్ది నిమిషాల ముచ్చట. కన్ను పడితే బండి పక్కన పెట్టి, టీ తాగి వెంటనే 20 నిమిషాలు పడుకోవాలి. టీ పనిచేయడానికీ అంతే సమయం పడుతుంది కనుక లేచేసరికి రెండూ కలిసొస్తాయి. 80 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్ల కునుకంటే దాదాపు 89 మీటర్లు బండి దానంతటదే వెళ్లినట్టు. ఆస్ట్రేలియాలో 1997లో వచ్చిన పరిశోధన ప్రకారం 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడిలా పడిపోతుంది. మన చట్టం 30 దాటితేనే కేసు పెడుతుంది. పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండుకు డ్యూటీ ఎక్కేవాడి మీద మాత్రం ఏ కేసూ ఉండదు.

ప్రశ్న: నాకు ఆరేళ్లుగా షుగరు. ఈ మధ్య ఇన్సులిన్ మొదలుపెట్టారు. ట్రావెల్స్ కారు నడుపుతాను. లైసెన్సు పోతుందా? ఓనరుకు చెప్పాలా?
– డ్రైవరు, తిరుపతి

జవాబు: షుగరు ఉన్నంత మాత్రాన లైసెన్సు పోదు. స్టీరింగ్ మీద భయపడాల్సింది ఎక్కువయ్యే షుగరుకి కాదు, ఉన్నట్టుండి పడిపోయే షుగరుకి. ఇన్సులిన్‌తోనూ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతోనూ అది జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు అరుదు.

బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకున్న లెక్క మన అంకెల్లో ఇలా ఉంటుంది. బండి తీసే ముందు గ్లూకోమీటరులో 90 పైన ఉండాలి. 72 నుంచి 90 మధ్య ఉంటే ఏదైనా తిని తీయాలి. 72 కన్నా తక్కువైతే తాళం ముట్టుకోకూడదు. దూర ప్రయాణంలో ప్రతి రెండు గంటలకూ ఆగి చూసుకోవాలి. కొండ మీదికి ట్రిప్పు అయితే ఘాట్ ఎక్కే ముందే, అలిపిరిలోనే చూసుకోండి. మలుపుల మధ్య ఆపడానికి చోటుండదు.

చెమట, వణుకు, ఆకలి, కారణం లేని చిరాకు, చూపు చెదరడం... వీటిలో ఏది మొదలైనా పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం తీసి, డ్రైవరు సీటు దిగండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, అంటే 15 గ్రాములు. బిస్కెట్లు, చాక్లెట్లు పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల షుగరు మెల్లగా ఎక్కుతుంది. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, తగ్గే ఉంటే మళ్లీ అంతే తాగండి. మామూలుకి వచ్చాక రెండు ఇడ్లీలో, చపాతీయో తినండి. అప్పటినుంచి 45 నిమిషాలు గడిస్తేనే మళ్లీ స్టీరింగ్. మీటరులో అంకె సరైనా మెదడు తేరుకోవడానికి ఆ సమయం కావాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు.

షుగరు పడిపోవడానికి మీ పనిలో ఉన్న పెద్ద కారణం, సూది వేసుకున్నాక పార్టీ కోసం ఎదురుచూస్తూ భోజనం వాయిదా వేయడం. ప్లేటు ఎదురుగా వచ్చాకే సూది తీయండి. ఇన్సులిన్ డ్యాష్‌బోర్డు అరలో పెట్టొద్దు. మన ఎండకు అది నీళ్లతో సమానమైపోతుంది. తడి ఇసుక పోసిన చిన్న మట్టి ముంతలో, కవరులో చుట్టి పెట్టుకుంటే వేసవిలో కొంత కాపాడుకోవచ్చు.

ఏడాదికోసారి పాదాల స్పర్శ కూడా చూపించుకోండి. అరికాలు మొద్దుబారితే బ్రేకు మీద కాలుందో యాక్సిలేటరు మీదుందో తెలియదు. చెప్పు జారినా తెలియదు.

ఓనరుకు చెప్పండి. కనీసం రాత్రి ట్రిప్పులు తగ్గించమని అడగడానికైనా ఆయనకు తెలియాలి.

ప్రశ్న: నంబరు ప్లేటు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చా? చేస్తే అది చాలా?

జవాబు: చేసుకోవచ్చు. మంచి పగటి వెలుగులో, ఆగి ఉన్న కారు వెనక నిలబడి, మామూలుగా 33, 34 అంగలు వేసి వెనక్కి నడిస్తే సుమారు 25 మీటర్లు. అద్దాలుంటే పెట్టుకునే చదవండి, ఒక్కో కంటితో. కారు ప్లేటే చూడాలి. దాని మీద అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు. బైకు వెనక ప్లేటు మీద అంకెలు 40 మిల్లీమీటర్లే, అక్షరాలు ఇంకా చిన్నవి. అంత దూరం నుంచి అవి చదవాలంటే దాదాపు 6/6 చూపు కావాలి. మీ వీధిలో రోజూ చూసే బండిని ఎంచుకోకండి, నంబరు ముందే నోటికొచ్చి ఉంటుంది.

చాలదు మాత్రం. ఇది ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది. నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా ఉన్నవాడు ప్లేటు హాయిగా చదివేసి, పక్క సందులోంచి వచ్చే స్కూటరును చూడలేకపోవచ్చు. శుక్లం ముదురుతున్నవాడికి పగలు బాగానే ఉండి, రాత్రి ఎదురు లైట్లు పడగానే కళ్లు చెదిరిపోతాయి. 40 దాటినవాళ్లు రెండేళ్లకోసారి కంటి ఒత్తిడి, పక్కచూపు చూపించుకోవాలి. మేనరికాలున్న ఇళ్లలో ఎవరికైనా చిన్నప్పటి నుంచి రేచీకటి ఉంటే హెవీ లైసెన్సుకు వెళ్లే ముందే రెటీనా పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఆర్టీసీలో డ్రైవరు పోస్టుకు వెళ్దామనుకుంటున్నాను. రంగులు కొంచెం తేడాగా కనిపిస్తాయి. లైసెన్సు మాత్రం వచ్చింది. ఇబ్బందా?
– వరంగల్ జిల్లా

జవాబు: లైసెన్సు వేరు, ఉద్యోగం వేరు. తక్కువ, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు లైసెన్సు ఇవ్వొచ్చని కేంద్రం 2020 జూన్‌లో నిబంధనలు మార్చింది. సిగ్నల్‌లో ఎరుపు పైన, ఆకుపచ్చ కింద ఉంటాయి కనుక స్థానాన్ని బట్టి పోల్చుకోవచ్చు. తీవ్రమైన, పూర్తి వర్ణాంధత్వానికి ఆ వెసులుబాటు లేదు. ఆర్టీసీకి తన వైద్య ప్రమాణాలు ఉన్నాయి, అవి లైసెన్సు ప్రమాణాలకన్నా గట్టివి. రంగుల చూపు పరీక్షించే చుక్కల పుస్తకంలో అంకెలు బట్టీ పట్టి గట్టెక్కే ప్రయత్నం చేయకండి. సర్వీసులో మళ్లీ పరీక్షలుంటాయి.

సర్వీసులో ఉండగా బయటపడినవాళ్ల సంగతి వేరు. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసులో, వర్ణాంధత్వం కారణంగా ఇంటికి పంపేయడం కుదరదు, వేరే పని చూపాలి అని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: లైసెన్సు రెన్యువల్‌కి 40 దాటితే డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరా? కారు లైసెన్సుకు కూడానా?

జవాబు: అవును, 40 నిండితే కారు, బైకు లైసెన్సులకు కూడా ఫారం 1ఏ ఉండాలి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకైతే ఏ వయసులోనైనా. ఏ డాక్టరు సంతకం చెల్లుతుందో ముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటాక ఏడాది లోపు పెట్టినా తీసుకుంటారు, ఆ తర్వాతైతే మళ్లీ డ్రైవింగ్ టెస్టు. గడువు తీరాక 30 రోజులు చెల్లుతుందన్న పాత మాట మర్చిపోండి, 2019 సవరణతో అది పోయింది. ‘నేను స్వయంగా పరీక్షించాను’ అని డాక్టరు సంతకం చేసే కాగితం అది. మనిషిని చూడకుండా చేసిచ్చే చోట చేయించుకుంటే మీ కంట్లో శుక్లం ఎవరికీ తెలియకుండా ఇంకో ఐదేళ్లు పెరుగుతుంది, అంతే.

ప్రశ్న: నాన్నగారికి 74. హైదరాబాదులో ఇంకా కారు నడుపుతున్నారు. మేమంతా డాలస్‌లో ఉన్నాం. వయసు చూసి లైసెన్సు ఆపేసే పరీక్ష మన దగ్గర ఎందుకు లేదు?

జవాబు: మన దగ్గర 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకోసారి. వయసును మాత్రమే చూసి అందర్నీ జల్లెడ పట్టిన దేశాల అనుభవం అంత గొప్పగా లేదు. డెన్మార్క్ 2006లో 70 దాటినవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష కలిపింది. తర్వాత లెక్కలు తీస్తే వృద్ధ డ్రైవర్ల మరణాలు తగ్గలేదు. కార్లు మానేసి నడకకు, సైకిళ్లకు మారిన వృద్ధుల మరణాలు పెరిగాయి. కంటిచూపు ఒక్కదాన్నే పట్టుకున్న అమెరికాలోని ఫ్లోరిడాలో మాత్రం 2004 నుంచి 80 దాటినవాళ్లకు పరీక్ష పెట్టాక, ఆ వయసువాళ్ల మరణాల రేటు సుమారు 17 శాతం తగ్గింది. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ప్రమాదాల రేటు, చేయించుకోనివాళ్లలో సగమేనని అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో 2002లో తేలింది. కాబట్టి మీ నాన్నగారిని ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపండి.

ఈసారి వచ్చినప్పుడు ఆయన పక్కన అరగంట కూర్చోండి, ఆయనకు అలవాటున్న దారిలోనే. కుడివైపు తిరిగేటప్పుడు ఎదురొచ్చే బండి దూరం అంచనా తప్పుతున్నారా, అద్దం చూడకుండా లైను మారుతున్నారా, తెలిసిన మలుపు దాటేస్తున్నారా, బంపరు మీద కొత్త గీతలున్నాయా చూడండి. వీటిలో రెండు కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి. ముందు రాత్రి, వాన, ఔటర్ రింగ్ రోడ్డు మాన్పించండి, పగలు కూరగాయల మార్కెట్ దాకా ఉండనివ్వండి. తాళాలు దాచేసి విమానం ఎక్కేయకండి. కెనడాలోని ఒంటారియోలో బండి నడపడం మంచిది కాదని డాక్టర్లు హెచ్చరించిన రోగుల ప్రమాదాలు ఏడాదిలో 45 శాతం తగ్గాయని 2012లో అధ్యయనం చెప్పింది. అదే రోగుల్లో దిగులు పెరిగిందనీ, కొందరు ఆ డాక్టరు గడప తొక్కడం మానేశారనీ కూడా అందులోనే ఉంది. నెలకు ఇన్ని రోజులని తెలిసిన డ్రైవర్‌ని మాట్లాడి పెట్టాకే తాళాల సంగతి ఎత్తండి.

ప్రశ్న: ఫిట్స్ ఉన్నాయి, మందులతో మూడేళ్లుగా రాలేదు. ఆటో నడపొచ్చా?

జవాబు: నడపకూడదు. లైసెన్సు కోసం మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం 1లో మొదటి ప్రశ్నే అది, ‘లేదు’ అని రాస్తే తప్పుడు ప్రకటన. బ్రిటన్‌లో ఏడాది రాకపోతే కారుకు, మందులు మానేసి పదేళ్లు రాకపోతే లారీకి అనుమతిస్తారు. మన చట్టంలో అలాంటి గడువు లేదు. ఉండాలని న్యూరాలజిస్టులు అడుగుతున్నారు, ఆ మాట న్యాయమే. అప్పటిదాకా ఆటో కొనడానికి దాచిన డబ్బు ఇంకో పనికి వాడండి. ఆ పని ఎత్తు మీదా, యంత్రాల దగ్గరా, నీళ్ల దగ్గరా లేనిదై ఉండాలి.

ప్రశ్న: జలుబు మాత్ర వేసుకుని బండి నడిపితే ఏమవుతుంది?

జవాబు: మాత్రను బట్టి. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు బాగా మగత తెస్తాయి. సెట్రిజిన్ కొందరికి తెస్తుంది. ఫెక్సోఫెనాడిన్‌తో చాలా తక్కువ. అట్ట వెనక మందు పేరు చదవండి. మొదటిసారి వేసుకునే మందు ఏదైనా డ్యూటీ లేని రాత్రి వేసుకుని చూడండి.